లైకుల లెక్క వేరు.. బతుకు లెక్క వేరు!

డ్యూసెల్‌డార్ఫ్ (జర్మనీ): విదేశంలో ఉన్న తెలుగువాడికి ఇప్పుడు రెండు డ్యూటీలు. ఒకటి జీతమిచ్చే డ్యూటీ. రెండోది ఫోన్ పట్టుకుని చేసే డ్యూటీ. రైన్ నది ఒడ్డున నడుస్తూ ఒక వీడియో, కోనిగ్సల్లేలో అద్దాల షాపుల ముందు ఒక రీలు, కందిపప్పు ఇక్కడెంతో చెబుతూ ఇంకొకటి. ఏ యాప్ తెరిచినా 'జర్మనీలో మన తెలుగు అబ్బాయి', 'దుబాయ్‌లో మన ఊరి పిల్ల' కనిపిస్తూనే ఉన్నారు. ఇందులో తప్పేం లేదు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు నాలుగు మాటలు చెప్పుకోవాలనుకోవడం సహజమే. కానీ ఈమధ్య మాట మారింది. 'కాలక్షేపం' అన్నవాళ్లు 'సైడ్ ఇన్‌కమ్' అంటున్నారు. 'సైడ్ ఇన్‌కమ్' అన్నవాళ్లు 'ఉద్యోగం మానేస్తే ఎలా ఉంటుంది?' అని అడుగుతున్నారు. అక్కడ ఆగి ఒకసారి లెక్క చూసుకోవాలి.

సివిల్ డిప్లొమా చదివి సైట్ల మీద సూపర్‌వైజర్లుగా బతుకుతున్న మాకు ఒక అలవాటుంది. ఏ పనికైనా ముందు ఎస్టిమేట్ వేస్తాం. కూలి ఎంత, ఎన్ని రోజులు, బిల్లు ఎప్పుడొస్తుంది, అనుమతులు ఉన్నాయా, స్థలం ఎవరిది? ఈ ప్రశ్నలకు జవాబు లేకుండా తట్టెడు మట్టి కూడా తీయం. 'కంటెంట్ క్రియేటర్' అనే ఈ కొత్త పనికీ అదే పద్ధతిలో ఎస్టిమేట్ వేద్దాం.

21 వేల కోట్లు.. తలకు 700!

2025 మే నెలలో ముంబైలో జరిగిన 'వేవ్స్' సదస్సులో యూట్యూబ్ సీఈవో నీల్ మోహన్ ఒక లెక్క చెప్పారు. అంతకుముందు మూడేళ్లలో భారతదేశంలోని క్రియేటర్లు, కళాకారులు, మీడియా కంపెనీలకు కలిపి 21 వేల కోట్ల రూపాయలు చెల్లించామన్నారు. ఆ వార్త విన్నవాళ్లకు కళ్లు తిరిగాయి. అయితే అదే రోజు ఆయన చెప్పిన ఇంకో లెక్క చాలామంది చెవిన పడలేదు. ఒక్క ఏడాదిలో భారత్ నుంచి వీడియోలు పెట్టిన చానెళ్లు 10 కోట్లకు పైగా ఉన్నాయి. వాటిలో 10 లక్షల సబ్‌స్క్రైబర్లు దాటినవి 15 వేల పైచిలుకు.

ఇప్పుడు భాగహారం చేయండి. మూడేళ్లకు 21 వేల కోట్లంటే ఏడాదికి 7 వేల కోట్లు. దాన్ని 10 కోట్ల చానెళ్లకు పంచితే ఒక్కో చానెల్‌కు ఏడాదికి 700 రూపాయలు! నెలకు 60 రూపాయలు కూడా పడదు. ఇది సగటు మాత్రమే. నిజానికి ఆ 21 వేల కోట్లలో పెద్ద పెద్ద మ్యూజిక్ కంపెనీలు, టీవీ చానెళ్ల వాటా కూడా ఉంది. అంటే కొందరికి కోట్లు, చాలామందికి సున్నా. అదే సదస్సు సందర్భంగా బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ విడుదల చేసిన నివేదిక కూడా ఇదే చెప్పింది. వెయ్యిమందికి పైగా ఫాలోవర్లు ఉన్న క్రియేటర్లు దేశంలో 20 నుంచి 25 లక్షల మంది ఉంటే, చెప్పుకోదగ్గ ఆదాయం వస్తున్నది వారిలో 8 నుంచి 10 శాతం మందికేనట. పదిమందిలో తొమ్మిదిమంది ఉత్త చేతులతోనే ఉన్నారన్నమాట.

ఇక గేటు దాటడం ఎలాగో చూద్దాం. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. వాళ్లతోపాటు ఏడాదిలో 4 వేల గంటలు జనం మన వీడియోలు చూసి ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. 4 వేల గంటలంటే 2 లక్షల 40 వేల నిమిషాలు. ఒక్కొక్కరు సగటున 4 నిమిషాలు చూశారనుకుంటే 60 వేల సార్లు చూడాలి. షార్ట్స్ దారిలో పోతే 90 రోజులపాటు రోజుకు లక్షా 11 వేల వ్యూస్ కావాలి. ఇదంతా గేటు బయట, రూపాయి రాకుండా చేసే పని.

గేటు దాటాక? పెద్ద వీడియోల మీద వచ్చిన ప్రకటనల డబ్బులో 55 శాతం మనకు, 45 శాతం యూట్యూబ్‌కు. షార్ట్స్‌కు తిరగబడుతుంది.. మన వాటా 45 శాతం. అదీ ఆ వీడియోలో వాడిన పాటకు పోవాల్సింది పోయాక! యూరోల్లో చెల్లింపులు తీసుకునేవారికి ఖాతాలో 70 యూరోలు పోగయ్యేదాకా డబ్బు బయటికి రాదు.

మన కూలి మాటేమిటి?

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతోంది. ఫోన్ ఉంది, నెట్ ఉంది, ఖర్చేముంది అంటారు. మరి కూలి? వారానికి ఒక మంచి వీడియో చేయాలంటే ఆలోచన, తీయడం, కత్తిరించడం, గొంతు ఇవ్వడం, కామెంట్లకు జవాబులు.. అన్నీ కలిపి 12 గంటలు పడుతుందనుకుందాం. ఏడాదికి 624 గంటలు. జర్మనీలో 2026 జనవరి 1 నుంచి చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. 624 గంటలను దానితో గుణిస్తే 8,673 యూరోల 60 సెంట్లు. అంటే చానెల్ పెట్టిన మనిషి మొదటి ఏడాది తన జేబులోంచి అంత కూలి పెట్టుబడి పెడుతున్నట్టు లెక్క. ఆ డబ్బు ఎక్కడా కనిపించదు కాబట్టి ఖర్చు కాదనుకుంటాం. కానీ ఆ గంటల్లో జర్మన్ భాష బీ1 నుంచి బీ2కు పోవచ్చు. మేస్త్రీ స్థాయి నుంచి ఫోర్‌మన్ స్థాయికి వెళ్లే కోర్సు చేయొచ్చు. ఊళ్లో పిల్లలతో పదినిమిషాలు ఎక్కువ మాట్లాడొచ్చు. ఏది కావాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. ఉచితం మాత్రం కాదు!

ఇంకో భ్రమ కూడా ఉంది. 'మేం యూరప్‌లో ఉన్నాం కాబట్టి మాకు యూరప్ రేటు వస్తుంది' అనుకుంటారు. రాదు. ప్రకటన ధర ప్రధానంగా చూసేవాడు ఏ దేశంలో ఉన్నాడన్న దాన్నిబట్టి ఉంటుంది. తీసేవాడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉన్నా, చూసేవాళ్లు నిజామాబాద్‌లోనూ నెల్లూరులోనూ ఉంటే పలికేది ఇండియా రేటే. ఖర్చు యూరోల్లో, రాబడి రూపాయల్లో! మన పాత లెక్క ఇక్కడ తలకిందులైంది. యూరోల్లో సంపాదించి రూపాయల్లో ఖర్చు పెట్టడానికి కదా మనం ఇంతదూరం వచ్చింది?

టిక్‌టాక్ సంగతి ఇంకా విచిత్రం. జర్మనీలో అది నడుస్తోంది. 10 వేల మంది ఫాలోవర్లు, నెలలో లక్ష వ్యూస్ ఉంటే నిమిషం దాటిన వీడియోలకు డబ్బు కూడా ఇస్తోంది. కానీ 2020 జూన్ 29న భారత ప్రభుత్వం దానితో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. కాబట్టి ఇక్కడ తెలుగులో టిక్‌టాక్ చేస్తే మన ఊరివాళ్లు ఎవరూ చూడలేరు.

లంబాడిపల్లి చెప్పే పాఠం

మరి గెలిచినవాళ్లు లేరా? ఎందుకు లేరు! జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వను చూడండి. ఇంటికో మనిషి గల్ఫ్‌లో ఉండే ప్రాంతం అది. అలాంటి చోట ఊరు దాటకుండా, పొలం పనులు చేసుకున్న ఒక పెద్దావిడ దేశమంతా పేరు తెచ్చుకుంది. 'మై విలేజ్ షో' 2012లో మొదలైంది. గంగవ్వ బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కు వెళ్లింది 2020లో. అంటే మధ్యలో ఎనిమిదేళ్లు! తెర మీద కనిపించేది గంగవ్వ, కానీ వెనక ఆమె అల్లుడు శ్రీకాంత్ శ్రీరామ్, ఆయనతోపాటు రాసేవాళ్లు, తీసేవాళ్లు, కత్తిరించేవాళ్లు ఉన్నారు. అది ఒక మనిషి చానెల్ కాదు, ఒక చిన్న కంపెనీ.

గుంటూరు జిల్లా గుడివాడకు చెందిన మస్తానమ్మ వందేళ్లు దాటాక 2016లో కట్టెలపొయ్యి వంటలతో 'కంట్రీ ఫుడ్స్'లో కనిపించింది. లక్షలమంది అభిమానించారు. 2018 డిసెంబర్‌లో కన్నుమూసింది. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డి తాత 2017లో 'గ్రాండ్‌పా కిచెన్' మొదలుపెట్టి, పెద్ద పెద్ద గిన్నెల్లో వండి అనాథ పిల్లలకు పెట్టాడు. 2019 అక్టోబర్‌లో ఆయనా వెళ్లిపోయాడు. ఈ ముగ్గురి విషయంలోనూ కనిపించేది ఒకటే. చూపించింది తమకు బాగా వచ్చిన పని. మాట్లాడింది తమ భాష. వెనక ఒక మనిషో కొందరు మనుషులో పూర్తి సమయం పనిచేశారు. అద్దెకు తెచ్చిన కారు ముందు నిలబడి ఫోజులివ్వలేదు. పైగా ఊళ్లో సొంత ఇంట్లో ఉండి చేసినవాళ్లకు వీసా భయం లేదు. మనకు ఉంది. అసలు విషయం ఇక్కడే మొదలవుతుంది.

కార్డు మీద ఏం రాసిందో చదివారా?

జర్మనీలో మన చేతికి ఇచ్చే రెసిడెన్స్ కార్డు మీద, దానితో వచ్చే ఆకుపచ్చ కాగితం మీద ఏ పని చేయొచ్చో రాసి ఉంటుంది. ఉద్యోగం కోసం ఇచ్చిన పర్మిట్ ఉద్యోగానికే. వీడియోల మీద క్రమంగా డబ్బు సంపాదించడం ఉద్యోగం కాదు, స్వయం ఉపాధి. దానికి విదేశీయుల కార్యాలయం నుంచి విడిగా అనుమతి తీసుకోవాలి. నివాస చట్టం 21వ సెక్షన్ ఆరో క్లాజు కింద, ఉన్న పర్మిట్ ఉండగానే పక్కన స్వయం ఉపాధికి అనుమతి ఇచ్చే వీలుంది. అడిగితే ఇవ్వొచ్చు. అడక్కుండా చేస్తే రెన్యువల్ రోజున అధికారి అడుగుతాడు.

విద్యార్థులు మరీ జాగ్రత్తగా ఉండాలి. 2024 మార్చి నుంచి వాళ్లు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేసుకోవచ్చు. అది ఉద్యోగానికి సంబంధించిన లెక్క. స్వయం ఉపాధికి వాళ్లకూ విడిగా అనుమతి కావాలి. భార్య లేదా భర్త మీద డిపెండెంట్‌గా వచ్చినవాళ్లకు మాత్రం చట్టం అన్నిరకాల పనికీ దారి ఇచ్చింది. కాబట్టి ఇంట్లో ఉన్న ఇల్లాలు చక్కగా తన పేరు మీద రిజిస్టర్ చేసుకుని చానెల్ నడపొచ్చు. అయితే పని నిజంగా ఆమే చేయాలి. భర్త పనికి భార్య పేరు తగిలిస్తే అది వేరే నేరం అవుతుంది.

అనుమతి వచ్చాక సిటీ ఆఫీసులో వ్యాపారం కింద నమోదు చేయించాలి. పన్నుల కార్యాలయానికి, అదే మనం రోజూ వినే 'ఫినాన్స్‌ఆమ్ట్'కు వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి. పనిచేసే కంపెనీకి కూడా ముందే చెప్పడం మంచిది. చాలా కాంట్రాక్టుల్లో పక్క పని గురించి ఒక పేరా ఉంటుంది. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు!

డ్యూసెల్‌డార్ఫ్‌లోనే కూర్చున్న దర్యాప్తు సంస్థ

'నాలుగు యూరోలు వస్తే ఎవరికి తెలుస్తుందిలే' అనేవాళ్లకు మన ఊరి వార్తే ఒకటి చెప్పాలి. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియా రాష్ట్రం ఆర్థిక నేరాల మీద 2025 జనవరిలో ఒక ప్రత్యేక సంస్థను ప్రారంభించింది. దాని ప్రధాన కార్యాలయం డ్యూసెల్‌డార్ఫ్‌లోనే ఉంది. 2025 జులైలో ఆ సంస్థ ఒక ప్రకటన చేసింది. సోషల్ మీడియా సంస్థల నుంచి 6 వేల రికార్డులు తెప్పించుకుని ఇన్‌ఫ్లూయెన్సర్ల పన్నులను పరిశీలిస్తున్నామని, ఈ ఒక్క రాష్ట్రంలోనే దాదాపు 30 కోట్ల యూరోల పన్ను వ్యవహారం ఇందులో ఉందని తెలిపింది. అప్పటికే దాదాపు 200 మందిపై క్రిమినల్ విచారణలు నడుస్తున్నాయి.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. తమ గురి లక్షల్లో సంపాదించి కావాలని దాచేవాళ్ల మీదేనని, ఏదో చిన్న ప్రకటన చేసి లెక్క మరిచిన కుర్రాళ్ల మీద కాదని కూడా ఆ సంస్థ చెప్పింది. కానీ మనకు అర్థం కావాల్సింది వేరే. రికార్డులు వాళ్ల దగ్గరున్నాయి. యాప్‌లో జరిగిన ప్రతి చెల్లింపూ ఎక్కడో రాసి ఉంది. పైగా వీసా మీద ఉన్నవాడికి, ఇక్కడే పుట్టినవాడికి శిక్ష ఒకటి కాదు. అతనికి జరిమానాతో పోతుంది. మనకు జరిమానా, ఆపై రెన్యువల్, పర్మనెంట్ రెసిడెన్స్, అన్నీ ప్రశ్నార్థకమే.

లెక్కలు నిజానికి అంత భయంకరమేమీ కాదు. జీతం తీసుకునేవాడికి పక్క ఆదాయం ఖర్చులు పోను ఏడాదికి 410 యూరోల లోపు ఉంటే దానిమీద ఆదాయపన్ను పడదు. దాటితే రిటర్న్ వేయాలి. అమ్మకం పన్ను విషయంలో 2025 నుంచి కిందటి ఏడాది టర్నోవర్ 25 వేల యూరోల లోపు ఉన్న చిన్న వ్యాపారికి మినహాయింపు ఉంది. కెమెరా, మైకు, లైటు ఖర్చులు చూపించుకోవచ్చు. ఒకటి గుర్తుపెట్టుకోండి.. 'రివ్యూ చేయండి' అని ఉచితంగా పంపిన ఫోను, బియ్యం బస్తా కూడా పన్ను దృష్టిలో ఆదాయమే!

కొందరు తెలివిగా ఊళ్లో తమ్ముడి పేరు మీద ఖాతా తెరిచి డబ్బు అక్కడికి రప్పిస్తున్నారు. ఏడాదిలో ఎక్కువ భాగం జర్మనీలో నివసించేవాడి ప్రపంచ ఆదాయం అంతా జర్మనీ లెక్కలోకి వస్తుంది. డబ్బు పడింది జమ్మికుంట బ్యాంకులోనైనా సరే. పని చేసింది ఎవరు, ఎక్కడ అన్నదే ప్రశ్న. పైగా యూట్యూబ్ 2021 జూన్ నుంచి అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన భాగం మీద అమెరికా పన్ను పట్టుకుంటోంది. పత్రం నింపితే భారత్ నివాసికి 15 శాతం, జర్మనీ నివాసికి ఒప్పందం వల్ల సున్నా. తమ్ముడి పేరు పెట్టి అక్కడా నష్టపోతున్నాం. రేపు అన్నదమ్ములకు మాట పట్టింపు వస్తే చానెల్ ఎవరిదన్న పంచాయితీ అదనం.

అసలు డబ్బు ఎక్కడిది?

ఇప్పటిదాకా చెప్పింది మన నష్టం గురించి. ఇక మన వల్ల ఇతరులకు జరిగే నష్టం గురించి మాట్లాడుకోవాలి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ప్రకటనల వాటాతో ఇల్లు గడవదని పైన చూశాం. మరి విదేశాల్లో ఉండి వీడియోలు చేసేవాళ్లలో కొందరు బాగానే వెనకేస్తున్నారే, ఎలా? దారి ఇలా ఉంటుంది. మొదట ప్రకటనల వాటా. అది చాలదు. రెండోది స్పాన్సర్.. పచ్చళ్లు, డబ్బు పంపే యాప్, ఫోను కవర్లు. అదీ చాలదు. మూడోది కమీషన్. 'మా లింకు ద్వారా వెళ్లండి, ఈ కన్సల్టెన్సీ నమ్మకమైనది, నేనే గ్యారంటీ.' అక్కడ డబ్బు ఉంది. తలకింత అని లెక్క. పెద్దగా చూసేవాళ్లు లేని మాలాంటివాళ్లకే 'మీ దగ్గరికి వచ్చే కుర్రాళ్లను మాకు పంపండి, అడ్మిషన్‌కు ఇంత ఇస్తాం' అని సందేశాలు వస్తున్నాయంటే, లక్షమంది సబ్‌స్క్రైబర్లున్నవాళ్లకు ఎన్ని వస్తాయో ఊహించుకోవచ్చు.

ఆ కమీషన్ ఎవరు ఇస్తున్నారు? చివరికి ఆ వీడియో చూసిన పిల్లాడి తండ్రే. జర్మనీకి చదువుకు రావాలంటే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. దాదాపు 12 లక్షల రూపాయలు. అది ఎకరం అమ్మిన డబ్బో, అక్క నగలో, నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పో అయి ఉంటుంది. ఇక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. ఫీజు లేనిచోట కమీషన్ పుట్టదు. కాబట్టి కమీషన్ తీసుకున్న నోరు ఫీజు ఉన్న కాలేజీ వైపే చూపిస్తుంది. వీడియోలో కనిపించే నవ్వు ఉచితం కాదు, దాని ధర ఊళ్లో ఇంకెవరో కడుతున్నారు.

ఈ దారి ఇంకా ముందుకు పోతే ఎక్కడికి చేరుతుందో మన రాష్ట్రాల్లోనే చూశాం. బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని 2025 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీసులు 11 మంది ఇన్‌ఫ్లూయెన్సర్ల మీద కేసు పెట్టారు. అదే నెలలో మియాపూర్ పోలీసులు సినిమా నటులతో సహా 25 మంది మీద కేసు నమోదు చేశారు. తప్పొప్పులు కోర్టులు తేలుస్తాయి. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ ఈ ప్రచారాల మీద గట్టిగా గొంతెత్తారు. ఆ తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. వాటికి ప్రచారం చేసినా రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. విదేశంలో కూర్చుని తెలుగులో ప్రచారం చేస్తే పట్టుకోరు అనుకుంటే పొరపాటే. సెలవుకు శంషాబాద్‌లో దిగక తప్పదు కదా!

జర్మనీలోనూ డబ్బు తీసుకుని చెప్పే మాటను ప్రకటన అని స్పష్టంగా రాయాలి. 2022 మే 28 నుంచి చట్టంలో ఈ విషయం మరింత స్పష్టం చేశారు. డబ్బే కాదు, వస్తువు తీసుకున్నా అంతే. దీన్ని చూసే రాష్ట్ర మీడియా అథారిటీ కూడా డ్యూసెల్‌డార్ఫ్‌లోనే ఉంది. భారత్‌లో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇలాంటి నిబంధనలే ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

సైట్‌లో కెమెరా తీస్తే?

మా రంగంలో ఉన్నవాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. పరంజా మీద నిలబడి, క్రేన్ కింద నడుస్తూ వీడియోలు తీసే సరదా పెరిగింది. ముందు ప్రాణానికి ముప్పు. ఒక చేతిలో ఫోను ఉన్నవాడికి పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. రెండోది, అది మన స్థలం కాదు. యజమాని డ్రాయింగులు, హెల్మెట్ మీద కంపెనీ పేరు, పక్కన పోలండ్ మేస్త్రీ ముఖం.. అన్నీ వీడియోలో పడతాయి. జర్మనీలో మనిషి అనుమతి లేకుండా అతని ఫోటో ప్రచురించకూడదన్న చట్టం 1907 నాటిది. రహస్యంగా మాటలు రికార్డు చేయడం క్రిమినల్ నేరం. మన దగ్గర 'వైరల్ అయింది' అని మురిసిపోయే వీడియో ఇక్కడ ఉద్యోగం ఊడగొట్టే కాగితం అవుతుంది.

గల్ఫ్‌లో ఉన్న సోదరులకు నిబంధనలు ఇంకా కఠినం. సౌదీలో లైసెన్స్ లేని విదేశీయులు సోషల్ మీడియాలో ప్రకటనలు చేయకూడదని 2022 జూన్‌లోనే ప్రకటించారు. యూఏఈలో సోషల్ మీడియాలో ప్రకటనలు చేసే వ్యక్తులు 'అడ్వర్టైజర్ పర్మిట్' తీసుకోవాలని అక్కడి మీడియా కౌన్సిల్ 2025 జులైలో ప్రకటించింది. గడువును 2026 జనవరి ఆఖరు దాకా పొడిగించింది. డబ్బు తీసుకోకుండా చేసే ప్రచారానికి కూడా ఇది వర్తిస్తుంది. కాబట్టి 'మా హోటల్ బిర్యానీ బాగుంటుంది' అని స్నేహితుడి కోసం రీలు చేసే ముందు కూడా ఒకసారి ఆలోచించాలి.

అద్దె స్థలంలో మేడ

చివరి ప్రశ్న, స్థలం ఎవరిది? చానెల్ మనది అనుకుంటాం గానీ, స్థలం కంపెనీది. 2018 జనవరిలో యూట్యూబ్ అర్హత నిబంధన మార్చడంతో చిన్న చానెళ్లు ఎన్నో గేటు బయట పడ్డాయి. 2020లో టిక్‌టాక్ పోయినప్పుడు లక్షల ఫాలోవర్లున్న మన కుర్రాళ్ల కష్టం ఒక్క సాయంత్రంలో మాయమైంది. 2025 జులైలో యూట్యూబ్ ఒకే మూసలో తయారుచేసి గుట్టలుగా పెట్టే వీడియోలకు డబ్బు రాదని నిబంధనను మళ్లీ గట్టిపరిచింది. ఏఐతో రోజుకు పది వీడియోలు చేసి సంపాదించండని కోర్సులు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. బంగారం కోసం పరుగెత్తేవాళ్లకు గడ్డపారలు అమ్మినవాడే ఎప్పుడూ బాగుపడతాడు.

అలాగని చానెల్ పెట్టొద్దని మేం అనడం లేదు. కార్పెంటరీ తెలిసినవాడు ఆ పని తెలుగులో నేర్పితే, నర్సుగా పనిచేసే చెల్లెమ్మ జర్మన్ పరీక్ష ఎలా రాసిందో చెబితే, జీతం చీటీలో ఏ కోత ఎందుకో ఒకరు వివరిస్తే, ఎంతమందికి మేలు! మేము వచ్చిన కొత్తలో అలాంటివి ఉంటే మా ఆరు నెలల తిప్పలు ఆరు రోజుల్లో తీరేవి. అలాంటి చానెల్‌కు డబ్బు కాస్త ఆలస్యంగా వచ్చినా, పేరు నిలుస్తుంది.

కాకపోతే కొన్ని గీతలు గీసుకోవాలి. మొదట కార్డు చూడండి, అనుమతి అడగండి, ఆ తర్వాతే డబ్బు ఆప్షన్ నొక్కండి. వచ్చిన ప్రతి యూరోనూ నోటుబుక్కులో రాయండి. ఏడాదిపాటు చానెల్ ఆదాయం జీతాన్ని దాటి, ఆపై ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండి, పర్మిట్ కూడా అనుకూలిస్తే తప్ప ఉద్యోగం మానేసే మాట ఎత్తొద్దు. ఇక్కడ చాలామందికి ఉద్యోగం పోతే జీతమే కాదు, ఉండే హక్కూ ప్రమాదంలో పడుతుంది. జీతం ఎంతో చెబితే చేతికి వచ్చేది ఎంతో, అద్దె ఎంతో కూడా చెప్పండి. డబ్బు తీసుకుని చెప్పేదైతే తీసుకున్నామని చెప్పండి. సొంత తమ్ముణ్ని పంపడానికి మనసొప్పని కన్సల్టెన్సీ దగ్గరికి ఇంకొకరి తమ్ముణ్ని పంపొద్దు.

చూసేవాళ్లకూ ఒక మాట. వీడియోలో మంచు కనిపిస్తుంది, ఆ మంచులో తెల్లవారుజామున అయిదింటికి బస్సు కోసం నిలబడ్డ కాళ్ల నొప్పి కనిపించదు. ఎవరైనా విదేశీ ఉద్యోగం గురించి తియ్యగా చెబుతుంటే ఒకే ఒక్క ప్రశ్న అడగండి.. 'ఈ మాట చెప్పినందుకు నీకు ఎవరు డబ్బిస్తున్నారు?' నిజాయితీపరుడు జవాబు చెబుతాడు. జవాబు దాటవేసినవాడి చేతికి పొలం పాస్‌బుక్కు మాత్రం ఇవ్వకండి.